నేను ఎంచిన వేరియేటర్

మాది సముద్రం ఒడ్డున ఊరు. పొద్దున్నే పడవలు రాగానే రెండు ఐసు పెట్టెల నిండా చేపలు సర్దుకుని, స్కూటరు మీద పలాస తీసుకెళ్లి అమ్ముతాను. బండి పాతది. పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోకు, గేర్లుండవు. రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన దగ్గర మా ఆయన కొన్నాడు. నడిపేది మాత్రం నేనే. ఆ వేళకి ఆయన వలలు దులుపుకుంటూ ఉంటాడు.

ఊళ్లోంచి తారు రోడ్డుకి రావాలంటే జీడితోటల మధ్య దిబ్బ మీదుగా వేసిన సిమెంటు దారి ఒక్కటే. ఏటవాలు ఎక్కువ. పెట్టెలు నిండుగా ఉంటే బండి సగంలో మూలిగి ఆగిపోయేది. ఆటో కోసం నడిచి వెళ్లే ఆడవాళ్లు నెత్తిమీది గంపలు దించి వెనకనుంచి తోసేవారు.

"నీ బండిని మేమే మోత్తన్నామే!" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్నిగానీ చిన్నతనంగా ఉండేది.

పలాసలో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఇంజిను పక్క మూత విప్పి చూశాడు. లోపల గుండ్రంగా పళ్లెంలా ఉన్నదాన్ని వేరియేటర్ అంటారట. అందులోని రోలర్లు ఇంజిను వేగానికి అంచులకు జరిగి బెల్టును పైకి నెడతాయి. గేర్లు మార్చే పనంతా దానిదే. మా బండిలో రోలర్లు ఒక పక్క అరిగి చదునైపోయాయి.

"ఇది పోయింది సెల్లీ. ఇంతకన్నా మంచిది తెప్పిత్తానుండు" అన్నాడాయన.

వారంలో విశాఖ నుంచి రెండు రకాలు వచ్చాయి. ఒకటి తళతళలాడుతోంది. రెండోది మసగ్గా ఉంది.

"మెరిసేది ఎయ్యించుకో. టెక్కలి రోడ్డు మీద గాలిలా ఎల్తాది" అన్నాడు మెకానిక్. ఫోనులో మా ఆయనదీ అదే మాట.

"నాకు స్పీడెందుకు మావా? నేను దిబ్బెక్కాల" అన్నాను.

పదిహేనేళ్లుగా చేపను చేత్తో ఎత్తి బరువు చెబుతున్నాను. రెండింటి రోలర్లూ చెరో అరచేతిలో వేసుకున్నాను. మెరిసేదానివి బరువు.

"బరువుంటే ఏటవుతాదన్నా?"

"బేగి అంచుకి జరిగిపోతాయి. బండి స్పీడందుకుంటాది."

"మరి ఎక్కుడులో?"

ఆయన తల గోక్కున్నాడు. "అందరూ స్పీడే అడుగుతారు సెల్లీ. ఈ మాట నన్నెవులూ అడగనేదు."

"అయితే రెండూ బిగించి సూద్దాం."

ఆదివారం ఆయన పనిముట్లు పట్టుకుని మా ఊరే వచ్చాడు. పెట్టెల నిండా తడి ఇసుక నింపాం. ముందు మెరిసేది బిగించాడు. చదును మీద బాణంలా దూసుకెళ్లింది. దిబ్బ సగానికి వచ్చేసరికి గొంతు పడిపోయి ఆగింది. ఆడవాళ్లు అలవాటుగా చీర కొంగులు దోపుకుని తోయడానికి వచ్చేశారు. మా ఆయనా ఒక చెయ్యి వేశాడు.

తర్వాత తేలిక రోలర్లున్న మసకది. ఇంజిను మోత పెద్దదైంది, వేగం తగ్గింది. కానీ మోత తెగలేదు. సగం దాటాను. మలుపు దాటాను. పైకెక్కి బండి ఆపి వెనక్కి చూస్తే అందరూ కిందే నిలబడి ఉన్నారు. ఒక్కరి చెయ్యీ పడలేదు.

మెకానిక్ ఆయాసపడుతూ ఎక్కొచ్చాడు. "ముప్పయ్యేళ్లుగా బళ్లు సేత్తన్నాను. నువ్వు సెప్పిందే రైటు సెల్లీ" అన్నాడు అందరి ముందూ.

ఇప్పుడు పెట్రోలు కొంచెం ఎక్కువే తాగుతుంది. పెద్ద రోడ్డు మీద ఎవరైనా నన్ను దాటిపోవచ్చు. పోనీ.

మొన్న నేను బజారులో కోనాం చేప కోస్తుంటే మెకానిక్ ఫోను చేశాడు. నందిగాం నుంచి పాలు అమ్మే ఒకాయన పాత స్కూటరు తెచ్చాడట.

"ఏది ఎయ్యమంటావో నువ్వే సెప్పు సెల్లీ. నీ పేరే సెప్పి ఆయన్ని కూకోబెట్టాను."

బేరమాడుతున్న ఆవిడని ఒక్క నిమిషం ఆగమన్నాను. చెయ్యి కడుక్కుని, పాల కేన్లు ఎన్నని, దారి ఎలాంటిదని అడగడం మొదలుపెట్టాను.