ఎనిమిది దగ్గర ఆగిన సముద్రం

కొలవకుండానే కొలత చెప్పగలగడాన్ని అనుభవం అనుకునే వయసొకటి ఉంటుంది. నాకది ఇరవై మూడో ఏట వచ్చింది. ఆ రోజుల్లో నేను రాయచూరు జిల్లాలో ఒక విద్యుత్ కేంద్రంలో కొత్తగా చేరిన కెమిస్టుని. సింధనూరు వైపు, ఆంధ్రా నుంచి వలస వచ్చినవాళ్లు వరి పండించే మా క్యాంపులో బీఎస్సీ చదివి ఉద్యోగం తెచ్చుకున్న మొదటివాణ్ణి కాబట్టి, నా నడకలో కూడా కొంచెం డిగ్రీ కనిపించేది. కాలేజీ ప్రాక్టికల్స్‌లో నాకొక విద్య పట్టుబడింది. ఒకసారి బ్యూరెట్ అనే గాజు కొలతగొట్టంతో కొలిచి, మిగతా రెండుసార్లు పెన్నుతో కొలవడం. మొదటిది 9.8 వస్తే రెండోది 9.9, మూడోది మళ్లీ 9.8. (మూడూ ఒకటే రాస్తే లెక్చరరుకి అనుమానం వస్తుంది. ఆ మాత్రం కళ ఉండాలి.) ప్లాంటులో ఈ విద్య చెల్లేది కాదు. మనం రాసినదాన్ని పక్కనే ఒక మీటరు, దాని తర్వాత ఇంకో షిఫ్టు కనిపెట్టుకుని ఉండేవి. అది చెల్లింది మా పెద్దసారు ఇంట్లో. మా పాత ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో ఆ కథ ఇప్పటికీ తప్పుగా తిరుగుతోంది. అందుకే రాస్తున్నాను.

పెద్దసారు అంటే మా లాబ్ అధికారి. బందరు వైపు మనిషి, సముద్రం మీద బెంగ. ఆ బెంగ తీర్చుకోవడానికి క్వార్టర్స్ హాల్లోంచి సోఫా తీయించి, అక్కడ నాలుగడుగుల గాజుతొట్టి పెట్టించి, బొంబాయి నుంచి ప్రత్యేకమైన ఉప్పు తెప్పించి సముద్రం కలుపుకున్నారు. రెండు చేపల్ని, నాలుగు పగడపు జీవుల్ని నీళ్ల సంచుల్లో పెట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. “మా ఇద్దరు పిల్లల్ని కూడా ఈయన ఇంత జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకోలేదు బాబూ” అనేవారు అమ్మగారు, నాకు ఉప్మా పెడుతూ. పగడం అంటే ఉంగరంలో రాయి అనుకున్న నాకు, అది ప్రాణమని, నీళ్లలోంచి సున్నం తీసుకుని తన ఎముక తానే కట్టుకుంటుందని మొదటిసారి తెలిసింది. అలా కట్టుకునేకొద్దీ నీళ్లలో క్షారత, అదే మా లాబ్ భాషలో ఆల్కలినిటీ, రోజూ కొంచెం తగ్గిపోతుంది. రోజూ కొంచెం కలపాలి. “బాయిలరుకి సున్నం శత్రువు. దీనికి సున్నమే అన్నం. నువ్విన్నాళ్లూ నేర్చుకున్నది తిరగేసుకో, అంతే” అన్నారు పెద్దసారు.

ఆయన రెండు వారాల శిక్షణకి హైదరాబాదు వెళుతూ తొట్టిని నాకు అప్పగించారు. రోజూ సాయంత్రం నీళ్లు కొలిచి, గోడ మీది చార్టులో రాయాలి. క్షారత ఎనిమిది డిగ్రీల దగ్గర ఉండాలి. తగ్గితే చెంచాడు వంటసోడా నీళ్లలో కరిగించి బొట్టు బొట్టుగా వదలాలి. “ఒక్క రోజులో ఒక్క డిగ్రీకి మించి పెంచావో, నిన్ను తొట్టిలో వేస్తాను. తగ్గినా ఫరవాలేదు, కుదుపు ఉండకూడదయ్యా.” ఆవిరైన నీళ్లకి బదులు పోయడానికి లాబ్ నుంచి శుద్ధమైన నీళ్ల క్యాను సైకిలు మీద తెచ్చే పని చాచాది.

చాచా మా లాబ్ అటెండరు. రాయచూరు పాతబస్తీ మనిషి. ఇరవై ఏళ్లు బొగ్గు యార్డులో దగ్గి దగ్గి, ఎవరెవరినో బతిమాలి చివరికి లాబ్‌కి వచ్చాడు. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. “ఈ సల్లటి రూంల నుంచే దండ ఏపిచ్చుకోని పోత సారూ. ఇంకేం ఒద్దు” అనేవాడు.

మొదటి రెండు రోజులూ నిజంగానే కొలిచాను. 8.2, 8.1. మూడోరోజు టీవీలో క్రికెట్ ఉంది. 8.2 అని రాశాను. నాలుగోరోజు మ్యాచ్ లేదు కానీ అలవాటు ఉంది. చాచా క్యాను దించి, చార్టు వైపు, నా వైపు చూశాడు.

“ఏంది సారూ, మందు సీస మూతనే తియ్యకపోతివి. లెక్క ఎట్లొచ్చె?”

“అనుభవం చాచా.”

“అచ్ఛా! మా కోడలు గూడ గిట్లనే. నోట్లె ఏస్కోకుంటనే ఉప్పు బరాబర్ ఉందంటది. తినేటోనికి తెలుస్తది.”

పదోరోజు చాచానే తొట్టి దగ్గర వంగి, “ఈ పువ్వు మొఖం ముడుసుకుంది, జర సూడు సారూ” అన్నాడు. పెద్దసారు మీద బెంగ అయి ఉంటుందన్నాను. (ఉప్మాలో ఆ రోజు జీడిపప్పు ఎక్కువగా పడింది.) చార్టులో మాత్రం గీత నిండు చెరువులా కదలకుండా ఉంది.

పన్నెండోరోజు పెద్దసారు ఫోను చేశారు. రేపు పొద్దునే వస్తున్నారట, రాగానే తనే కొలుస్తారట. ఫోను పెట్టేసి బ్యూరెట్ తీశాను. 5.1. మూడు రోజుల్లో నింపాల్సింది ఒక సాయంత్రంలో నింపాలి. వంటసోడా నెమ్మది. లాబ్‌లో ఉన్న బట్టలసోడా ఘాటు. దాన్ని తెమ్మని చాచాని పంపాను. లెక్క వేస్తే మూడు చెంచాలు వచ్చింది. ఇంత తొట్టికి మూడు చెంచాలేనా అనిపించి దోసెడు వేసి చెంబులో కలిపాను.

“పెద్దసారు బొట్టు బొట్టు అన్నడు గద సారూ?”

“నువ్వు కెమిస్టువా, నేనా?”

“నువ్వే సారూ. నేను ఊకె అడిగిన.”

చెంబు ఒంపేశాను. ముందు పొగమంచులా, తర్వాత మజ్జిగలా, చివరికి పాలలా, సముద్రమంతా తెల్లబడిపోయింది. నీళ్లలో ఉన్న సున్నమంతా ఒక్కసారిగా విరిగిపోయింది. నీళ్ల రంగు మారితేనే కొలత తేలేది; మళ్లీ కొలవబోతే బ్యూరెట్ ఖాళీ అయింది గానీ రంగు మారలేదు. చేపలు ఎక్కడున్నాయో తెలియలేదు. అమ్మగారు వంటింట్లోంచి వచ్చి చూసి, “ఏమిటి బాబూ, పాలు పోశారా?” అన్నారు.

మర్నాడు చేపలు రెండూ బతికే ఉన్నాయి. పగడాలు నాలుగూ ముగ్గు చల్లినట్టు తెల్లగా పడి ఉన్నాయి. పెద్దసారు చెప్పులు కూడా విప్పకుండా తొట్టి ముందు నిలబడ్డారు. తర్వాత చార్టు ముందు నిలబడ్డారు. పన్నెండు రోజుల గీత మీద వేలు జరిపారు. తొట్టి పక్కనున్న బట్టలసోడా డబ్బా ఎత్తి చూశారు. “నిన్నటిదాకా అన్నీ సరిగ్గా ఉన్నాయి. అంటే నిన్న తెచ్చినదాంట్లోనే తేడా. సోడా ఎవరు తెచ్చారు?”

చాచా నా వైపు చూశాడు. నేను చార్టు వైపు చూశాను. చార్టు ఎంత అందంగా ఉందంటే, దాన్ని నేనే నమ్మేశాను.

“నేనే తెచ్చిన సార్” అన్నాడు చాచా. అది నిజమే.

“వంటసోడాకీ బట్టలసోడాకీ తేడా తెలియదా నీకు!”

తెమ్మన్నది నేనేనని చాచా చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వారం తిరిగేసరికి ఆయన బొగ్గు నమూనాల గదికి మారాడు. నా చార్టు లాబ్ గోడకెక్కింది, కొత్తవాళ్లకి ఆదర్శంగా. ఎనిమిది నెలల తర్వాత ఆ బొగ్గుగది ముందే చాచాకి దండ వేశారు. సోడా కథ ఎవరో ఎత్తుకున్నారు, అందరూ నవ్వారు. చాచా దగ్గుకీ దగ్గుకీ మధ్య నవ్వాడు. నేను చప్పట్లు కొట్టాను.

ఆ సాయంత్రం బస్టాండు దాకా ఆయనతో నడిచాను. “ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు చాచా?” అని అడిగాను.

“నువ్వే చెప్తవని సూసిన సారూ” అన్నాడు. కోపం లేదు. బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పాడు.

చాచా ఇప్పుడు లేడు. పోయిన నెల గ్రూపులో ఎవరో మళ్లీ ఆ సోడా జోకు పెట్టారు. కింద అందరూ నవ్వుబొమ్మలు పెట్టారు. అందులో, మా ప్లాంటులోనే పనిచేసిన చాచా కొడుకు పెట్టింది కూడా ఉంది. ఆయన కొడుక్కి తెలియాలి: వాళ్ల నాన్న తెచ్చినది నేను తెమ్మన్నదే, పోసింది నేనే, ఆ గీతలో మొదటి రెండు చుక్కలు తప్ప మిగతావన్నీ నా పెన్నులో పుట్టినవే. ఇది ఆ గ్రూపులో కూడా పెడుతున్నాను.

నాకిప్పుడు షుగరు. పొద్దున్నే కొలిచి పుస్తకంలో రాయాలని మా ఆవిడ కట్టడి. ఇవాళ కూర్చుని 128 అని రాశాను. నిన్న 131, మొన్న 129. మిషను ఇంకా సంచిలోనే ఉంది. మూత కూడా తియ్యలేదు. నవ్వొచ్చింది. కొట్టేసి, వేలు గుచ్చి చూసుకున్నాను. 212. అదే రాశాను.