బావ నిద్ర కోసం కట్టిన గోడ

చిత్రిక మిషను ఇంటికి తెచ్చిన రోజు దాని ముందు కొబ్బరికాయ కొట్టింది మా బావే. వారం తిరక్కుండా దాని నోరు నొక్కమని కబురు పంపిందీ ఆయనే. మిషను నోరు నొక్కడమంటే పసిపిల్లాడి నోట్లో పాలపీక పెట్టడం అనుకున్నాడో ఏమో. ఏళ్ళ తరబడి నేను పడ్డ తిప్పలన్నీ ఆ కబురుతోనే మొదలయ్యాయి.

మా నాన్న కంచరపాలెంలో కట్టిన పెంకుటిల్లు మాకు రెండు వాటాలుగా వచ్చింది. ఒక వాటాలో నేనూ మా ఆవిడా, రెండో వాటాలో మా అక్కా బావా. మధ్యన ఉన్నది ఒకటే గోడ. నా వాటా వెనక వడ్రంగం పనికి వేసిన రేకుల షెడ్డుకూ ఆ గోడే ఆసరా. అప్పుడు డెబ్భైల చివర. ద్వారకానగర్ వైపు ఇళ్ళ మీద ఇళ్ళు లేస్తున్నాయి. ప్రతి ఇంటికీ తలుపులు కావాలి, కిటికీలు కావాలి, అన్నీ గృహప్రవేశం ముందురోజుకే కావాలి. చేత్తో చిత్రిక పట్టుకుంటూ కూర్చుంటే ఆ జనం ఆగరు. అందుకని చెక్కను నున్నగా తీసే మిషనొకటి, కోసే రంపం మిషనొకటి పాతవి కొన్నాను. రంపం సంగతి సరే, కాసేపు కీచుమని ఊరుకునేది. చిత్రిక మిషను అలా కాదు. దాని మీద టేకు చెక్క పెడితే వీధి చివర కుక్కలు లేచి నిలబడేవి.

బావ రేవులో క్రేను నడిపేవాడు. నైట్ డ్యూటీ పడిన వారం ఆయన తెల్లారి ఇంటికొచ్చి, చద్దన్నం తిని, మధ్యాహ్నం దాకా పడుకోవాలి. ఆయన మంచం ఉన్నది ఆ గోడ పక్కనే. వేరే చోట వేసుకుందామంటే ఇంకో గది లేదు. నేను మిషను వేశానో లేదో, గోడకి అవతల నుంచి పచ్చడిబండతో దబదబా మోత. ఆ వెనకే పెరట్లోంచి అక్క కేక.

“ఒరే తమ్ముడూ! మీ బావ తొంగున్నాడ్రా! ఆపుతావా, నన్నొచ్చి ఆపమంటావా? అంత ఎత్తున కూకుని ఆయన కునుకు తీస్తే కింద మనుసులుంటారు, తెలుస్తందా నీకు?”

తెలుసు. తెలియకేం. అదే నా బాధ. ఆవిడ ఊరికే అరిచి ఉంటే నేనూ నాలుగు అరిచి నా పని చేసుకునేవాణ్ణి. సాయంత్రం చేద్దామంటే కరెంటు ఉండదు. కోతలు వేసేవాడికి బావ డ్యూటీ ఎవరో చెప్పినట్టు, ఆయన నిద్రపోతుంటే వచ్చేది, ఆయన లేచేసరికి పోయేది. తలుపుల కోసం వచ్చినవాళ్ళు నన్ను నానా మాటలూ అని పోయేవారు. మిషను మానేస్తే పని చేతిలో ఉండదు. మానకపోతే అక్క వాటాతో మాటలుండవు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి మా అక్క. ఆ వాటాతో మాటలు లేకుండా ఆ ఇంట్లో నేను ఉండలేను.

మొదట షెడ్డు చుట్టూ గోనెసంచులు వేలాడదీశాను. మోత పిసరంత కూడా తగ్గలేదు కానీ, వానాకాలం చెమ్మకి అవి ముక్కిపోయి ఎలుకలు కాపరం పెట్టాయి. తర్వాత టీకొట్టు దగ్గర ఒకాయన కొబ్బరిపీచు కూరమన్నాడు. కూరాను. ఆయన జన్మలో ఏ మిషనూ ముట్టుకోలేదని తర్వాత తెలిసింది. సలహా ఇవ్వడానికి మా ఊళ్ళో ప్రతివాడూ ఇంజనీరే.

ఒకరోజు విసుగెత్తి, మిషను వెయ్యమని మా ఆవిడకి చెప్పి నేను వెళ్ళి అక్క వాటాలో నిలబడ్డాను. గూట్లో గ్లాసులు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. గోడ మీద చెయ్యి పెడితే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. మోత గాల్లోంచే కాదు, నేల పట్టుకుని కూడా వస్తోంది. మిషను కదలకూడదని సిమెంటు గచ్చులోకి బోల్టులు దిగ్గొట్టింది నేనే. ఆ గచ్చు ఆ గోడకి అతుక్కునే ఉంది. నేనేమో ఇన్నాళ్ళూ రేకులకి గోనెలు కప్పుకుంటూ కూర్చున్నాను. ఒళ్ళు మండిపోయింది.

బోల్టులు పీకేసి కాళ్ళ కింద లారీ టైరు ముక్కలు పెట్టాను. గ్లాసులు ఊరుకున్నాయి. మిషను ఊరుకోలేదు, వేస్తే చాలు షెడ్డంతా షికారు చేసేది. బరువు పెడితే కదలదని కాళ్ళకి ఇసక బస్తాలు కట్టాను. ఊళ్ళో అంత సముద్రం ఉండగా ఇసక కొనే వెర్రివాడెవడని బీచి నుంచి రిక్షాలో తెచ్చుకున్నాను. ఆ ఉప్పు ఇసక ఒక్క వానాకాలంలో మిషను కాళ్ళని తినేసింది. నేను కూర్చుని తుప్పు గోకుతుంటే అక్క పెరటి గోడ మీంచి తొంగిచూసింది.

“ఏటి సేత్తన్నావ్ రా? సేపకి పొలుసు తీత్తన్నావా?”

ఆవిడ పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎనభైల మొదట్లో, పెళ్ళయిన చాలా ఏళ్ళకి అక్కకి కొడుకు పుట్టాడు. ఇక గోడకి అవతల పగలు నిద్రపోయేవాళ్ళు ఇద్దరయ్యారు. పచ్చడిబండ మోత రెట్టింపయింది. అటో ఇటో తేల్చేద్దామని షెడ్డు లోపల, ఉన్న గోడకి బెత్తెడు ఎడంగా ఇంకో ఇటుక గోడ లేపాను. మధ్య సందులో రంపపు పొట్టు కూరాను. కిటికీ మూసేశాను. రేకుల కింద చెక్కలు కొట్టాను. తలుపు రెండు పొరలుగా చేసి మధ్యన పీచు నింపాను. ఇంత చేశాక గానీ అవతలి వాటా నెమ్మదించలేదు. నైట్ డ్యూటీ వారంలో ఒకరోజు బావ నిద్ర లేచి, కళ్ళు నులుముకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“ఏటి బామ్మర్దీ, ఇయ్యాల మిసను ఎయ్యనేదా?”

“పొద్దుట్నించీ ఏస్తనే ఉన్నాను బావా.”

ఆయన నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ పూట నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

కానీ బయటికి పోని మోత ఎక్కడికి పోతుంది? నాతోపాటు ఆ గదిలోనే ఉండేది. గోడలకి కొట్టుకుని తిరిగి నా మీదే పడేది. చెవుల్లో దూది పెట్టుకుని, ఆ ఉక్కలో చెమటలు కక్కుకుంటూ పని చేసేవాణ్ణి. మిషను ఆపాక కూడా చెవుల్లో కీచురాళ్ళు అరుస్తూ ఉండేవి. పక్కన నిలబడి పిలిచినా పలకడం లేదని మా ఆవిడ తిట్టేది. ఆవిడకి నామీద ఎప్పుడూ ఏదో ఒక కంప్లైంటు ఉంటుందిలే అనుకున్నాను. దీనికి తోడు ఆ బరువు తలుపు గడియ సరిగ్గా పడేది కాదు. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే తలుపు లోపలికి తెరుచుకునేది, మోతంతా తిన్నగా అక్క వాకిట్లోకి పోయేది. చెక్క మీద నుంచి చెయ్యి తీస్తే వేళ్ళు పోతాయి. అందుకని వెనకనుంచి వెలుతురు పడగానే, చూడకుండానే, కాలితో తలుపును వెనక్కి తన్నేవాణ్ణి. పోనుపోను అదొక అలవాటైపోయింది.

మేనల్లుడికి మూడో ఏడు వచ్చింది. పుట్టువెంట్రుకలు తియ్యాలి. మాలో పిల్లవాడు మేనమామ ఒళ్ళోనే కూర్చోవాలి, మొదటి కత్తెర మేనమామే వెయ్యాలి. అందుకు ఇంటి అల్లుడు తనే వచ్చి పిలవాలి, అదీ పద్ధతి. అప్పటికే వాడికి కొత్త బట్టలు కుట్టించి పెట్టెలో దాచాను. పిలుపు కోసం ఎదురు చూస్తున్నాను. మా ఆవిడ పురిటికి పెందుర్తి, వాళ్ళ పుట్టింటికి వెళ్ళి ఉంది. ఒక ఆదివారం గాజువాక వైపు తలుపులు బిగించడానికి పోయి చీకటి పడ్డాక వచ్చాను. సోమవారం పొద్దున్నే పెరట్లోకి వెళ్ళేసరికి మేనల్లుడు నున్నటి గుండు మీద గంధం పూసుకుని కోడిపిల్ల వెనక పరిగెడుతున్నాడు.

వాణ్ణి పట్టుకుని ఆపాను. “ఎవరొళ్ళో కూకున్నావురా?” అన్నాను.

వాడు మా చిన్నాన్న కొడుకు పేరు చెప్పాడు. అక్క బట్టలు ఆరేస్తోంది. నావైపు చూడలేదు. గట్టిగా రెండుసార్లు పిలిస్తే అప్పుడు తిరిగింది.

“ఏటిరా? మీ బావ పిలవడానికి ఒచ్చినాడు కదా. మొన్న మద్దేనం డ్యూటీ దిగి, కాళ్ళైనా కడుక్కోకుండా నీ సెడ్డుకే ఒచ్చినాడు. తలుపు తీసి పిలిస్తే మొకం తిప్పనేదంట. కాలితో తన్ని మూసినావంట. ఇంటల్లుడి మొకం మీద!”

“గాలనుకున్నానక్కా! గుంటడు తొంగునుంటాడు, లేసిపోతాడని మూసినాను.”

బావ అప్పుడే నైట్ డ్యూటీ నుంచి వచ్చి అరుగు మీద చద్దన్నం తింటున్నాడు. కంచంలోంచి తల ఎత్తలేదు.

“వీధంతా ఇనిపించేలా పిలిసినాను. నీకొక్కడికే ఇనిపించనేదా? ఇన్నాళ్ళూ మేం గోడ బాదినామని మనసులో ఎట్టుకున్నావు. ఇప్పుడు తీర్సుకున్నావు.”

నా చెవులు పోతున్నాయని అప్పటికి నాకే తెలియదు. తెలిసి చెప్పినా నమ్మేవాడెవడు? ఆ గోడ, ఆ తలుపు, ఆ ఉక్క, అంతా ఎవరి కోసం పడ్డానని అరవాలనిపించింది. అరిచాను కూడా. ఆయన చెయ్యి కడుక్కుని, పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అక్క వెనకే వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. పుట్టువెంట్రుకలు ఒక్కసారే తీస్తారు. రెండోసారి తీసేవి మామూలు జుట్టు.

తిన్నగా షెడ్డులోకి వెళ్ళాను. మూల ఉన్న గునపం తీశాను. ఆ దిక్కుమాలిన గోడ ఇటుక మీద ఇటుక లేకుండా కూల్చేసి, తలుపు ఊడబీకి వీధిలో పడేద్దామనుకున్నాను. గునపం రెండు చేతులా ఎత్తి నిలబడ్డాను. అవతల బావ ఇప్పుడే పడుకుని ఉంటాడు. రాత్రికి మళ్ళీ డ్యూటీ ఎక్కాలి. పక్కలో పిల్లాడు కూడా ఉంటాడు.

గునపం చప్పుడు కాకుండా నేలమీద పెట్టాను.