మా గల్లీ వెడల్పు

ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మా ఇంటికి దగ్గర. మంచంలో పడుకుంటే రైలు వచ్చి ఆగిన చప్పుడు వినిపిస్తుంది. ఆ కాస్త దూరం నడిచే దారి లేక మా ఆయన రెండేళ్లు గేటు లోపలే గడిపారు.

ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. నల్గొండ పల్లెల్లో ఊరి నుంచి ఊరికి కాలినడకన తిరిగిన మనిషి. పక్షవాతం వచ్చాక ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది. ఎంత నడిస్తే అంత మంచిదని దవాఖానలో డాక్టరు చెప్పాడు, ఎక్కడ నడవాలో మాత్రం చెప్పలేదు. ఆటో పిలుస్తానంటే ఈయన ఒప్పుకోరు. స్టేషన్ దాకా తన కాళ్లతో తనే వెళ్లాలి, రైలెక్కాలి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఒక ఛాయ్ తాగి రావాలి. ఆయన కోరికల్లా అదొక్కటే. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు.

అడ్డమల్లా ర్యాంపులు. మా గల్లీలో ప్రతి గేటు ముందూ బండి ఎక్కడానికి ఒక సిమెంటు వాలు ఉండేది. మొదట్లో జానెడంత. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. రోడ్డు పైకి లేచింది, వాననీళ్లు వరండాల్లోకి రావడం మొదలైంది. తర్వాత కట్టినవాళ్లు ఇల్లు ఎత్తు చేసుకున్నారు. ఇల్లు ఎత్తయితే ర్యాంపు పొడవు కావాలి కదా. పక్కవాడు అడుగు ముందుకొస్తే మనమెందుకు ఊరుకోవాలని ఎదుటివాడు ఇంకో అడుగు వచ్చాడు. మాదీ ఉండేది, కాకపోతే పొట్టిది. తిలాపాపం తలా పిడికెడు. చివరికి రెండు పక్కలా వాలు దిగితే వాలు, మధ్యలో మిగిలిన సందులో కార్లు, ఆటోలు, నీళ్ల ట్యాంకర్లు. కాళ్లు బాగున్నవాళ్లకే కష్టమైన దారిలో ఈయన ఎక్కడ నడుస్తారు?

నేను కిటికీ దగ్గర మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. గల్లీలో జరిగేదంతా కంట పడుతుంది, కంట పడింది అనకుండా ఉండలేను. ర్యాంపుల గురించి నేను తగాదా పెట్టుకోని ఇల్లు లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా ఆయన దెప్పుతూనే ఉండేవారు. అందరికన్నా పెద్ద ర్యాంపు మా పక్కింటాయనది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు కారు కోసం ఎర్ర టైల్స్ వేయించి మరీ కట్టించాడు. దాని పుణ్యమా అని మా రెండిళ్లకూ మాటలు లేవు.

పోయిన ఎండాకాలం డ్రైనేజీ పైపులు మార్చడానికి జేసీబీ వచ్చింది. ర్యాంపులన్నీ వరసపెట్టి పగలగొట్టుకుంటూ పోయింది. గల్లీ గల్లీ అంతా లబోదిబోమంది. పైపులు వేశారు, మట్టి పూడ్చారు, గోడల వెంట కాంక్రీటు పోసి చదును చేసి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ల కోసం గేటు తీసి అలాగే నిలబడిపోయాను. మా గల్లీ ఇంత వెడల్పా! మెయిన్ రోడ్డు దాకా, ఆ పైన మెట్రో స్తంభాల దాకా చూపు ఎక్కడా ఆగకుండా పోయింది. ప్లాటు కొన్నప్పుడు లేఅవుట్‌లో గీసి చూపించిన రోడ్డు ఇదే. ఇన్నేళ్లూ ఎక్కడికీ పోలేదు, మా అందరి సిమెంటు కిందే ఉంది. ఎదురింట్లో గుంటూరు నుంచి వచ్చినామె చీపురు చేత్తో పట్టుకుని నాలాగే చూస్తోంది.

"ఇదంతా మన రోడ్డేనాండీ?" అంది.

ఆ సాయంత్రమే మా ఆయన చేతికర్ర తీసుకుని గేటు దాటారు. ఒక చెయ్యి గోడకు ఆనించి నాలుగిళ్ల దాకా వెళ్లి వచ్చారు. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయారు. దారిలో బండి పెట్టినవాళ్లు ఆయన వస్తుంటే లేచి తీసేవాళ్లు. పక్కింటాయన తన గేటు లోపలి అరుగు మీద కూర్చుని అంతా చూసేవాడు.

ఇలా ఎన్నాళ్లు సాగుతుందన్న దిగులు నాకు ఉండనే ఉంది. కార్లను చెక్కలేసి లోపలికి ఎక్కిస్తున్నారు. ర్యాంపులు మళ్లీ కట్టాలని అందరూ అంటున్నారు. అన్నట్టే ఒక ఆదివారం పక్కింటి ముందు ఇసుక, సిమెంటు బస్తాలు దిగాయి. అవి చూసి మా ఆయన గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశారు. ఇగ అయిపోయిందని ఒక్క మాటన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కొంగు బిగించి బయల్దేరాను.

మేస్త్రీ గేటు ముందు లేడు. లోపల అరుగు పగలగొడుతున్నాడు. ఇదేమిటని అడిగితే ర్యాంపు గేటు లోపలే, ఈ అరుగు జాగాలో కడుతున్నామని చెప్పాడు. ఆ అరుగు పక్కింటాయనకు ప్రాణం. పొద్దున పేపరు అక్కడే, సాయంత్రం ఛాయ్ అక్కడే. బయట ఎప్పటిలా కట్టుకోక దీన్నెందుకు పోగొట్టుకుంటున్నారని మేస్త్రీ పక్కనే నిలబడ్డ ఆయన్నే అడిగాను. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు.

"బండి ఎట్లన్న ఎక్కుతదమ్మా. సార్ కాలు ఎక్కది గదా."

బిగించిన కొంగు విప్పేశాను. కళ్లు తుడుచుకుంటూ ఇంటికి వచ్చాను.

తర్వాత ఎదురింటివాళ్లు వాలు లోపలికి పెట్టుకున్నారు, మేమూ పెట్టుకున్నాం. చూసి చూసి చాలామంది అదే దారి పట్టారు. అందరూ మారిపోయారని చెప్పను. మూలమీది ఇంటాయన ఎప్పటిలాగే రోడ్డు మీదికి కట్టాడు. అక్కడికి వచ్చేసరికి మా ఆయన చుట్టూ తిరిగి వెళ్తారు, ఆ ఇంటికి రెండు తిట్లు వేసి మరీ.

వానలు తగ్గాక ఒక సాయంత్రం ఆయన స్టేషన్ చేరుకున్నారు. చెయ్యి పట్టుకోనివ్వలేదు కాబట్టి నేను వెనకాలే నడిచాను. లిఫ్టు ముందు ఆగి వెనక్కి తిరిగారు.

"నువ్వింటికి పో. నేనొక్కణ్ణే దిల్‌సుఖ్‌నగర్ దాక పోయొస్త."

బీపీ గోళీ వేసుకున్నారా, ఫోనులో చార్జింగ్ ఉందా, రద్దీలో ఎవరైనా తోస్తే ఎట్లా, ఇవన్నీ అడగాలనుకున్నాను. ఈలోగా లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

రోడ్డు మీదికి వచ్చి తలెత్తి నిలబడ్డాను. కింద బస్సులు, లారీలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వాటన్నిటి నెత్తి మీదుగా అంత పొడుగు రైలు కదిలింది. ఆ రైలు ఎన్నోసార్లు చూశాను, ఎక్కాను. ఇంత పెద్దదని ఆ రోజే అనిపించింది. ఆయన ఏ పెట్టెలో ఉన్నారో తెలియక మొత్తం రైలునంతా చూశాను. భయం వేసింది. భయాన్ని మించి గర్వంగా ఉంది. ఎవరైనా లేచి సీటిచ్చినా ఆయన కూర్చోరని నాకు తెలుసు.