రేపల్లె నుంచి గుంటూరు, ఒక బియ్యం బస్తాతో

మా బావ కారుకి ముందు ఎడమ సీటు ఉండేది కాదు. విప్పింది నేనే. విప్పిన సీటు రేపల్లెలో వాళ్ళ వరండాలో కుర్చీ బదులు పడి ఉండేది. వచ్చిన చుట్టాలు అందులో కూర్చుని కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడేవాళ్ళు. "గట్టిగా పట్టుకోండి బాబాయ్, ఇల్లు బయల్దేరుతోంది" అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు. బావ నవ్వేవాడు కాదు.

అంతకు ముందు నవ్వేవాడు. బావ రేపల్లెలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడికి దండం పెట్టి, తెనాలిలో మెకానిక్ షెడ్డులో చేరినవాణ్ణి. అక్క పెళ్ళయిన కొత్తలో మా ఇద్దరికీ భలే కుదిరింది. "రాపిడి గురించి నేను గంటసేపు పాఠం చెబుతాను, వీడు ఇంత గ్రీజు పూసి పోతాడు" అని తోటి లెక్చరర్లతో చెప్పి మురిసిపోయేవాడు. నేను ఆయన మీసాల మీద, ఆయన నా ఇంగ్లీషు మీద జోకులేసుకుంటూ బతికేవాళ్ళం. బావాబావమరుదులన్నాక ఆ మాత్రం లేకపోతే ఎలా?

ఎనభైల చివర్లో అక్కకి మొదటి కాన్పు. ఎనిమిదో నెల. వచ్చే వారం అమ్మ వెళ్ళి తెనాలి తీసుకురావాలి. ఈలోగానే ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. రేపల్లెలో చూసినవాళ్ళు గుంటూరు తీసుకెళ్ళమన్నారు. దొరికింది ఒక పాత అద్దె కారు. ఎండలో, ఆ గుంతల రోడ్డు మీద అది నలభై దాటలేదు. తెనాలి ఇంకా రాకముందే రైలు గేటు పడింది. గూడ్సు బండి రావాలి, అది రాదు. బావ దిగి గేటువాణ్ణి బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. తెనాలిలో అమ్మనీ నన్నూ ఎక్కించుకుని గుంటూరు చేరేసరికి సాయంత్రమైంది.

కాన్పుల వార్డులోకి మగవాళ్ళని రానివ్వరు. బావా నేనూ బయట బల్ల మీద కూర్చున్నాం. చాలాసేపటికి అమ్మ వచ్చి, "ఆడపిల్ల. దక్కలేదు నాయనా" అంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు. బావ అడగలేదు.

అడగవలసిన అవసరం ఆయనకి కనిపించలేదు. లెక్క ఆయన దగ్గర తయారుగా ఉంది. నెల తిరక్కుండానే గ్రాఫు కాగితం మీద గీశాడు. అడ్డంగా ఊళ్ళు, నిలువునా నిమిషాలు. గేటు దగ్గర గీత గోడలా పైకి లేచింది. కాగితాన్ని వంటింటి తలుపుకి అంటించాడు. అక్క ఆ తలుపు తీసుకునే వంట చేయాలి, మూసుకునే ఏడవాలి.

"గేటు మన చేతిలో లేదురా. బండి ఉంది" అన్నాడు నాతో. "మళ్ళీ అలాంటి రోజంటూ వస్తే గంటలో గుంటూరులో ఉండాలి. ఆ బండి నువ్వే నాకు చేసిపెట్టాలి."

బాపట్లలో ఒక వకీలు తన చిన్న కారు అమ్ముతున్నాడంటే వెళ్ళాం. వెనక తలుపు పైకి లేచే ఆ బుల్లి కార్లు మా ఊళ్ళలో అప్పుడప్పుడే కనబడుతున్నాయి. తెల్లది, మూడు సిలిండర్లది, ఆ మూలనుంచి ఈ మూలకి నాలుగడుగులు వేస్తే అయిపోయేది. నా నోరు ఊరుకుంటుందా? "ఇది కారు కాదు బావా, కారు పిల్ల. తల్లిని కూడా చూపించమను" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. బావ విననట్టు బానెట్టు ఎత్తి చూస్తున్నాడు. వకీలు మాత్రం పడీ పడీ నవ్వాడు. పాపం, ఆయనకేం తెలుసు.

ఆ కారుని రేపల్లెలో పెరట్లోనే, రేకుల పంచ కింద విప్పాం. నేను ఆదివారాలు తెనాలి నుంచి వెళ్ళేవాణ్ణి. ముందు బరువు తగ్గించాం. సీటు పోయింది, డిక్కీలో అట్ట పోయింది, తలుపుల లోపలి అట్టలు పోయాయి. చుండూరులో రైస్‌మిల్లు కాటా మీద తూచి, తగ్గిన ప్రతి కిలోనీ బావ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. సీటు తీసిన చోట, ముందు నుంచి వెనకదాకా ఒక పరుపు పడేట్టు చెక్క బిగించాం. అక్క పడుకోవడానికి. ఆ తర్వాత ఇంజను. దాని మీద మూతలా ఉండే హెడ్డు విప్పి గోనెసంచిలో చుట్టి నిజాంపట్నం తీసుకెళ్ళాను. అక్కడ చేపల బోట్ల ఇంజన్లకి పనిచేసే లేతు మేస్త్రి ఉండేవాడు, చెయ్యి చాలా తిన్ననిది.

"ఏ బోటుదిరా ఇది, ఇంతుంది?" అన్నాడు.

"మా బావదన్నా. గుంటూరుదాకా ఈదాలి."

ఇంజనుకి బలం పెరిగేలా హెడ్డు అడుగున కొంచెం, రెండు కాగితాల మందం చెక్కి ఇచ్చాడు. గాలి లోపలికి పోయే దారులు గరుకుగా ఉంటాయి. వాటిని నునుపు చేయడం బావ పెట్టుకున్నాడు. చూపుడు వేలికి ఎమరీ కాగితం చుట్టుకుని, రోజూ కాలేజీ నుంచి రాగానే రుద్దేవాడు. వేలి చివర చర్మం లేచిపోయింది. చాక్‌పీసు పట్టుకుంటే మండుతోందని ఎడమచేత్తో బోర్డు మీద రాశాడట. పెట్రోలు ఎక్కువ అందేలా కార్బొరేటరు జెట్టు పెద్దది వేశాను, సైలెన్సరు గొట్టం లావుది వేశాను, షాకబ్జార్బర్లు మార్చాను. మొదటిసారి స్టార్టు చేస్తే పక్కింటి కోళ్ళు మళ్ళీ ఆ పెరట్లోకి రాలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక రిహార్సల్. చర్చి బట్టలతోనే. అక్క బరువెంతో అన్ని కిలోల బియ్యం బస్తాలో పోసి, పరుపు మీద పడుకోబెట్టి, తాడు కట్టేవాడు బావ. వెనక మిగిలిన అరసీటులో నేను, చేతిలో వాచీ. రేపల్లె నుంచి గుంటూరు ఆసుపత్రి గేటుదాకా వెళ్ళి, ముట్టుకుని వెనక్కి వచ్చేవాళ్ళం. ప్రతిసారీ తలుపు మీది గ్రాఫులో ఇంకో గీత. గీతలు కిందికి దిగుతూ వచ్చాయి. గంటా ఇరవై. గంటా పది. గేటు పడని రోజున గంటా మూడు నిమిషాలు.

మూడేళ్ళు అలా తిరిగాం. రెండో కాన్పు రాలేదు. అక్క ఒక్కసారి కూడా ఆ కారు ఎక్కలేదు.

ఒక ఆదివారం బావ పెట్రోలు కోసం వెళ్ళాడు. అక్క పంపు దగ్గర గోంగూర కడుగుతోంది. నేను నోటి దురద ఆపుకోలేక, "ఏంటే అక్కా, బస్తాకి ఉన్న ధైర్యం నీకు లేదా? అది మూడేళ్ళుగా తిరుగుతున్నా ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదు" అన్నాను.

అక్క నవ్వలేదు. పంపు కట్టేసింది.

"ఆ పిల్ల రెండు రోజుల ముందే కదలడం మానేసిందిరా."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో స్పానరు కింద పెట్టాను.

"నిద్రపోతోందేమో అనుకున్నా. మొదటి కాన్పు, నాకేం తెలుసు? ఆయనకేమో ప్రాక్టికల్ పరీక్షలు. వచ్చే వారం అమ్మ వస్తుంది కదా, అప్పుడు అడుగుదాంలే అనుకున్నా. డాక్టరమ్మ చూడగానే చెప్పింది, రెండు రోజులయింది అని. నాకూ అమ్మకీ చెప్పింది. మనిద్దరి మధ్యే ఉండనీ అంది అమ్మ."

"మరి బావ ఇదంతా..."

"ఆయన గేటు మీద పెట్టుకున్నారు. పెట్టుకోనీ అనుకున్నా. గేటుకి అత్తగారు లేరు కదరా, ఒక మాట అంటే పడి ఏడవడానికి." గోంగూర నీళ్ళు దులిపింది. "చెప్పకు తమ్ముడూ. చెప్పావంటే ఆయన నన్ను చూసే చూపు మారిపోద్ది. కారు చేసుకోనీ. దాని కింద పడుకున్నంతసేపే మనిషి కాస్త తేరుకుంటున్నాడు."

చెప్పనన్నాను. ఆరు నెలలు చెప్పలేదు కూడా. ఎందుకూ పనికిరాని పరుగని తెలిసీ ఆ అరసీటులో కూర్చుని నిమిషాలు చదివాను. వాచీ చూసి అబద్ధమాడిన రోజులున్నాయి. ఒక నిమిషం తగ్గించి చెబితే ఆయనకి ఆ వారమంతా అన్నం సహించేదని అక్క చెప్పింది.

తర్వాత ఒక ఆదివారం గంటలోపు చేరిపోయేలా ఉన్నాం. బావ పెదవులు బిగించాడు. దూరం నుంచి గేటు కనిపించింది. గేటువాడు బయటికొచ్చి దింపడం మొదలుపెట్టాడు. బావ కాలు తీస్తాడనుకున్నాను. తీయలేదు. ఇంకా తొక్కాడు. నేను అరిచానో లేదో నాకు గుర్తు లేదు. దిగుతున్న గేటు కింద దూరాం. పైకప్పు మీద బర్రున గీసుకుపోయిన చప్పుడు, పట్టాల మీద దడదడ, అవతల దిగుతున్న రెండో గేటుకి పక్కనుంచి బయటపడి కాలవ గట్టు మీద ఆగాం. బస్తా తాడు తెంపుకుని నా ఒళ్ళో పడింది. వెనక రైలు పోతోంది. చాలాసేపు పోయింది.

"గంటలోపే చేరిపోతాం, చూశావా!" అన్నాడు బావ. మొహం వెలిగిపోతోంది. పెళ్ళయిన కొత్తలో చూసిన మొహం.

"చూశాను. సరాసరి సమాధుల తోటకే ఇంకా తొందరగా చేరేవాళ్ళం" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. కోపం ఆగలేదు. "ఎవరి కోసం బావా ఇదంతా? ఆ రోజు మనం గాల్లో ఎగిరి వెళ్ళినా ఒకటే. పిల్ల రెండు రోజుల ముందే పోయింది. డాక్టరు చెప్పింది. అక్కకి తెలుసు."

నేననుకున్నదేమిటంటే, ఈ మాటతో ఆయన నెత్తిమీది బరువు దిగిపోతుందని. అద్దె కారు తప్పు కాదు, గేటు తప్పు కాదు, ఆయన తప్పు అసలే కాదు. ఇంతకంటే మంచి వార్త ఇంకేం కావాలి?

"రెండు రోజులా?" అన్నాడు. ల్యాబులో కుర్రాడు చెప్పిన రీడింగు ఇంకోసారి చూడమన్నట్టు అన్నాడు.

"అవును బావా."

కారు వెనక్కి తిప్పాడు. ముప్ఫై దాటలేదు. గేటు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. గేటు తీసే ఉంది. తిట్టడానికి పరిగెత్తుకొచ్చిన గేటువాడు ఆయన మొహం చూసి, "తీసే ఉందండి సార్, వెళ్ళండి" అన్నాడు మెల్లగా. అయినా ఆయన రెండు వైపులా చూస్తూ అలా కూర్చున్నాడు. వెనక బస్సువాడు హారను కొట్టాడు. అప్పుడు కదిలాం.

మరుసటి వారం అక్క తెనాలి వచ్చింది. గుమ్మంలోనే, "చెప్పేశావు కదూ" అంది.

"బావ అడిగాడా?"

"ఒక్క మాట అడగలేదు. బస్తా దింపి, విప్పి, బియ్యం డబ్బాలో పోశారు. వండమన్నారు."

కోపం కూడా లేదు దాని మొహంలో. ఆ బియ్యం ఆ తర్వాత నెలన్నర తిన్నారట, ఇద్దరూ, ఎదురెదురుగా కూర్చుని. గ్రాఫు చింపలేదు, కొత్త గీత గీయలేదు. కారు మీద పట్టా కప్పేశారు. కాలేజీ నుంచి వచ్చి, వరండాలో ఆ విప్పిన సీటులో చీకటిపడే దాకా కూర్చునేవాడు. అక్కని ఏమీ అనేవాడు కాదు, మంచీ చెడ్డా. ఆయన చూపు మారుతుందని అక్క భయపడింది. అసలు చూడటమే మానేశాడు.

"నా చేత్తో ఏదైనా పెట్టినా, అది పెట్టింది నేను కానట్టే తింటారురా" అంది ఇంకోసారి కలిసినప్పుడు. ఆ తర్వాత చాలా నెలలకి నన్ను పిలిపించి, "పోనీ, ఆ కారుని ఏదైనా చెడగొట్టు. బాగుచేయడానికైనా లేస్తారేమో" అంది.

అదొక్కటి నాకు బాగా వచ్చు. పట్టా తీశాను. బ్యాటరీ నా షెడ్డు నుంచి తెచ్చాను. ఇంజను పైన డిస్ట్రిబ్యూటరు అని ఉంటుంది, ఏ సిలిండరుకి ఎప్పుడు నిప్పు అందాలో అది చూసుకుంటుంది. దాన్ని వదులు చేసి ఒక గీత పక్కకి తిప్పి స్టార్టు చేశాను. ఇంజను దగ్గినట్టు తిరిగింది. సైలెన్సరులో టప్పుమని పేలింది. బావ వరండాలో కదల్లేదు. నేను తొక్కుతూ కూర్చున్నాను. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. వినే చెవికి అది నరకం. ఆ చెవి ఆయనకుందని నాకు తెలుసు.

వచ్చాడు. చెప్పుల్లేకుండానే వచ్చాడు. నా వైపు చూడలేదు. "టైమింగు తప్పింది" అని, రెండు వేళ్ళతో డిస్ట్రిబ్యూటరుని పట్టుకుని, కళ్ళు మూసుకుని వింటూ, వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పాడు. ఒకచోట ఇంజను సర్దుకుంది. వేళ్ళు మాత్రం తీయలేదు.

"రెండు రోజులు" అన్నాడు, ఇంజనుతో అన్నట్టు. "ఒక్కతే ఎలా తిరిగిందిరా ఇంట్లో? నేను అన్నం తింటూనే ఉన్నాను, అది వడ్డిస్తూనే ఉంది. అడగలేదు నేను. దాని మొహంలోకి చూడాలంటే నాకు సిగ్గు..."

అక్క వంటింటి తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ చప్పుడులో విన్నదో లేదో నేను అడగలేదు. నోటిదాకా ఒక హాస్యం కూడా వచ్చింది, మింగేశాను. ఇంజను ఆపితే మేం ముగ్గురమూ ఆ పెరట్లో మిగిలిపోతాం. అందుకని యాక్సిలరేటరు మీద కాలు తీయలేదు. పెట్రోలు అయిపోయేదాకా.