తుడిచిన పలక

మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో కంప్యూటర్లు నేనే చూసేవాణ్ణి. ఒకసారి బయటి దాడుల నుంచి కంప్యూటర్లను కాపాడే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ చెడిపోతే తీసేసి మళ్లీ ఎక్కించాను. పాత సెట్టింగులన్నీ ఒక ఫైలుగా దాచి, మూడుచోట్ల కాపీలు పెట్టుకున్నవాణ్ణి కనుక ధీమాగానే ఉన్నాను. ఫైలు తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. దాన్ని నా బల్ల పక్కన గోడకు వేలాడే పలక మీద బలపంతో రాసిపెట్టుకున్నాను. తలెత్తి చూస్తే పలక నల్లగా నిగనిగలాడుతోంది.

ఆఫీసు ఊడ్చే ఆమె మీద విసుక్కున్నాను. "పలక ఎందుకు తుడిచినావు పెద్దమ్మా?"

ఆమె చీపురు ఆపలేదు. "పలక మీద రాసింది ఉండిపోతాదా నాయనా? ఈ ఊర్లో పుట్టినోడివేనా నువ్వు?"

సెట్టింగులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ మళ్లీ పెట్టాను. ఆ ఫైలు మాత్రం ఇప్పటికీ మూడుచోట్లా భద్రంగా ఉంది.