ఎంత ఇరవై ఐదు?

నిన్న గచ్చిబౌలిలో ఒక ఆఫీసుకు వెళ్ళి వచ్చాను. రిటైరై ఇంట్లో కూర్చున్నా, కాలేజీలూ కంపెనీలూ కలిసి ఏదైనా నైపుణ్యాల కోర్సు మొదలుపెడితే ఇప్పటికీ నన్ను సలహాకు పిలుస్తుంటారు. మణికొండ నుంచి ఆ కాస్త దూరానికి ముప్పావు గంట పట్టిందని విసుక్కుంటూనే వెళ్ళాను. పన్నెండో అంతస్తులో, ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చుంటే, మా అమ్మాయి వయసు పిల్ల ఒకతె పరీక్ష ఎలా జరుగుతుందో గోడ మీద తెరలో చూపించింది. కాగితం లేదు, దిద్దే మనిషి లేడు, అంతా కంప్యూటరే చూసుకుంటుంది. అసలు ప్రశ్నే సరిగ్గా లేదని రాసేవాళ్ళకు అనిపిస్తే ఏం చేయాలని అడిగాను. ఆ పిల్ల ఓపిగ్గా నవ్వి, "ఖాళీగా వదిలేస్తే ఆటోమేటిగ్గా జీరో పడిపోతుందండి, వేరే ఆప్షన్ లేదు మేడం" అంది. ఆ తర్వాత ఆమె చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. పాతికేళ్ళ కిందట అలాంటి సున్నా ఒకటి నా చేత్తో నేనే వేశాను.

తొంభైల చివరి రోజులు మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. వీధికో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్, గోడల నిండా వాటి పోస్టర్లు, ఎవరింటికి పోయినా పిల్లాణ్ణి ఏ కోర్సులో చేర్పించారన్న మాటే. అనంతపురం నుంచి పెళ్ళయి వచ్చిన నేను గచ్చిబౌలి అవతల ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పేదాన్ని. ఉద్యోగం తాత్కాలికం. ఏటేటా పొడిగిస్తారో, మానిపిస్తారో అని ఎండాకాలం సెలవుల్లో కూడా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉండేదాన్ని. అలాంటప్పుడు బాలానగర్‌లోని ఒక ఫ్యాక్టరీకీ మా కాలేజీకీ ఒప్పందం కుదిరింది. వాళ్ళు కంప్యూటర్‌తో నడిచే కొత్త లేత్, అదే ఇనుప కడ్డీలను తిప్పుతూ చెక్కే మెషిన్, తెప్పిస్తున్నారు, పాతవి చేత్తో నడిపే వాళ్ళకు దాన్ని మేము నేర్పాలి, బదులుగా మా విద్యార్థులకు వాళ్ళు షెడ్డులో పని నేర్పాలి. ఆరు నెలలు, వారంలో మూడు రోజులు వాళ్ళు మా బెంచీల మీద, మూడు రోజులు మేము వాళ్ళ షెడ్డులో. మిగతా లెక్చరర్లందరూ నూనె మరకలంటే మొహం తిప్పుకున్నారు కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

ఆ షెడ్డులో పెద్ద మేస్త్రి ఒకాయన ఉండేవారు. యాభై దాటాయి, ముప్పై ఏళ్ళుగా అదే లేత్ ముందు నిలబడి ఎడమ భుజం కొంచెం కిందికి వంగిపోయింది. తెలుగు చక్కగా చదివేవారు, ఇంగ్లీషు మాత్రం డ్రాయింగు మీద రాసి ఉండే నాలుగు మాటలే. మొదటిరోజు నేను పెద్ద పంతులమ్మలా ఒక డ్రాయింగు ఆయన చేతిలో పెట్టి, ఇరవై ఐదు మిల్లీమీటర్ల మందం షాఫ్ట్, అదే ఇరుసు కడ్డీ, ఒకటి చేసి పిల్లలకు చూపించమన్నాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్ళద్దాల మీంచి నన్ను చూసి, "ఎంత ఇరవై ఐదు బిడ్డా?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, ఇరవై ఐదంటే ఇరవై ఐదే కదా అన్నాను. ఆయన నవ్వలేదు. అంతకుముందే చేసి పెట్టిన రెండు ముక్కలు తెచ్చి, బేరింగు ఒకటి నా చేతికిచ్చి ఎక్కించమన్నారు. ఒకదానికి ఎంత నెట్టినా ఎక్కలేదు, రెండోదానికి చేతికి పెద్దదైన గాజులా జారి వచ్చింది. రెండూ స్కేలు పెట్టి చూస్తే ఇరవై ఐదే, మైక్రోమీటరులో చూస్తే మాత్రం వెంట్రుక మందమంత తేడా. "ఎంత ఎక్కువుండొచ్చు, ఎంత తక్కువుండొచ్చు అని అడగకుంట పని మొదలువెట్టొద్దు. అడుగుతె ఏం పోతది? చేసినంక పారేసుడైతది" అన్నారు. నాలుగేళ్ళు పుస్తకాల్లో చదివి, మూడేళ్ళు నల్లబల్ల మీద చెప్పిన పాఠం నా చేతికి తెలిసింది ఆ రోజే.

కాలేజీ బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆయన నన్ను మేడం అనేవారు, షెడ్డులో నేను లేత్ ముందు నిలబడితే బిడ్డా అనేవారు. ఎవరు ఎక్కడ నేర్చుకునేవాళ్ళో ఆ పిలుపులోనే తేల్చేసేవారు. ఫ్యాక్టరీ బస్సులో కూకట్‌పల్లి మీదుగా వస్తుంటే మాదాపూర్ దగ్గర రాళ్ళ గుట్టల మధ్య కొత్త భవనం లేస్తుండేది. అందులో ఏం చేస్తారని మేస్త్రి ఒకసారి అడిగారు. సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో నాకు తెలిసినంత చెప్పాను. "మరి దాన్నెట్ల కొలుస్తరు?" అన్నారు. తర్వాత అలాంటి భవనాల్లోనే ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేశాను, ఆ ప్రశ్నను వెంటేసుకునే తిరిగాను.

కోర్సు చివర్లో పరీక్ష. పాసైనవాళ్ళకే కొత్త మెషిన్, తప్పినవాళ్ళు స్టోర్సులో పనిముట్లు అందిస్తూ కూర్చోవాలని ఫ్యాక్టరీ వాళ్ళు ముందే చెప్పేశారు. మేస్త్రికి అదే బెంగ. ఇంట్లో చిన్నకూతురి చేత ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో రాయించుకుని, బస్సులో పెదవులు కదుపుతూ వల్లె వేసేవారు. జవాబులు తెలుగులో రాసుకోవచ్చని అనుమతి ఇప్పించింది నేనే, అందుకు నాలో నేను గర్వపడ్డాను కూడా. ప్రశ్నపత్రమూ నేనే తయారుచేశాను. బేరింగులో కూర్చునే షాఫ్ట్ ఒకటి, ఇరవై ఐదు మిల్లీమీటర్లు, మెషిన్‌కు ఇవ్వాల్సిన ఆదేశాలు వరసగా రాయండి అని పెద్ద ప్రశ్న. ఇరవై మార్కులు.

మేస్త్రి దాని కింద రెండే వాక్యాలు రాశారు. "ఒట్టి ఇరవై ఐదుకు చెయ్యరాదు. సైజు అడిగి రావాలె." మిగతా పేజీ ఖాళీ.

నేను సున్నా వేశాను. ఆ రోజు నా ముందు నలభై పేపర్లున్నాయి, పక్కన నేను రాసుకున్న జవాబు ఉంది, అందులో ఆ రెండు వాక్యాలు లేవు. అంతవరకైతే తొందరలో జరిగిన పొరపాటని సర్దుకునేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆదేశాలు రాయడం చేతకాక పెద్దాయన తప్పించుకున్నాడనుకున్నాను. మొదటిరోజు నన్ను అడిగిన ప్రశ్ననే నా పేపరు మీద మళ్ళీ అడిగారని తట్టనే లేదు. ఆరు మార్కుల తేడాతో ఆయన తప్పారు.

రెండు నెలలకు ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. మా విద్యార్థులు కంప్యూటర్ మీద గీసిన డ్రాయింగుతో, మా పరీక్ష పాసైన కుర్రాడు కొత్త మెషిన్ మీద షాఫ్టులు చేశాడు. డ్రాయింగులో ఒట్టి ఇరవై ఐదు. ఆ అబ్బాయి అడగలేదు, మెషిన్ అసలే అడగదు. గంపల నిండా తళతళలాడే షాఫ్టులు, ఒక్కదాని మీదా బేరింగు నిలవదు. వాటి ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ ఖాళీ పేజీ గుర్తొచ్చింది. నేరుగా షెడ్డు చివరున్న స్టోర్సుకు వెళ్ళాను. చిన్న కిటికీ వెనక మేస్త్రి పాత మైక్రోమీటర్లకు నూనె రాసి గుడ్డతో తుడుస్తున్నారు. నన్ను చూసి ఆయనే అన్నారు, "అడిగిన గద మేడం. కాయితం మీదనే అడిగిన."

కోపంగా అనలేదు. కాని షెడ్డులో ఆయన నన్ను మేడం అనడం అదే మొదటిసారి.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, ఆ పేపరు మళ్ళీ దిద్దుతానన్నాను. మార్కులు ఫ్యాక్టరీకి పంపేశాక మారిస్తే కాలేజీ పరువు పోతుందన్నారు, ఒప్పందం కొత్తదన్నారు. తర్వాత, నా ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం ఆ వారమే సంతకానికి వస్తోందని మామూలుగా అన్నట్టే అన్నారు. నేను ఇంకో మాట అడగలేదు. అడగాలని నాకు నేర్పిన మనిషి కోసం కూడా అడగలేకపోయాను. నా ఉద్యోగం పర్మనెంటయింది, ఆయన ఆ కిటికీ వెనకే రిటైరయ్యారని తర్వాత ఎవరో చెబితే విన్నాను. వెళ్ళి చూసే మొహం లేక వెళ్ళలేదు.

కొన్నాళ్ళకు ఆ ఒప్పందమూ ఆగిపోయింది, నేనూ అందరితో పాటు సాఫ్ట్‌వేర్ కంపెనీలో శిక్షణ విభాగానికి మారాను. చేరిన ప్రతి బ్యాచికీ మొదటి పాఠం ఇదే చెప్పాను, ఇచ్చిన పనిలో ఏది చెప్పలేదో ముందు అడగండి అని. ఆ ఒక్క మాట జీవితాంతం పనికొచ్చిందని ఇప్పటికీ ఫోన్లు చేసేవాళ్ళున్నారు. అది నాదనే అనుకుంటారు, ఎవరిదో నేను ఒక్కరికీ చెప్పలేదు.

నిన్న చివర్లో ఆ పిల్ల నా ముందు ఒక కాగితం పెట్టింది. పరీక్షా విధానం బాగుందని సలహాదారు సంతకం కావాలట. ప్రశ్న సరిగ్గా లేకపోతే రాసేవాళ్ళు తిరిగి అడగడానికి ఒక్క గడి పెట్టించండని నోటిదాకా వచ్చింది. అది చెబితే మళ్ళీ మీటింగు, మళ్ళీ ఆ ట్రాఫిక్కు, మోకాళ్ళు అప్పటికే పీకుతున్నాయి. సంతకం పెట్టేశాను. పిల్ల లిఫ్టు దాకా వచ్చి థాంక్యూ మేడం అంది, సెక్యూరిటీ అతను మేడం అని తలుపు తీశాడు, ఆటో అతను కూడా ఎక్కడికి మేడం అన్నాడు. దారంతా పక్కన అద్దాల మేడలే, ఒకప్పటి ఆ గుట్టలేవీ లేవు. బిడ్డా అని పిలిచి, ఎంత ఇరవై ఐదు అని నన్ను నిలేసి అడిగే మనిషి ఇప్పుడు నాకెవరూ లేరు. ఉన్న ఒక్కరినీ నేనే స్టోర్సు కిటికీ వెనక కూర్చోబెట్టాను.