కంచుపిట్ట వీపు

రెజిమెంటల్ బజార్‌లో బండి సీట్లకు రెక్సిన్ కవర్లు కుట్టే దేవానందం ఇంటి నుంచి దుకాణానికి కొంతకాలంగా చుట్టుదారిన వెళ్తున్నాడు. దగ్గరి దారి చర్చి ముందు నుంచి పోతుంది. బాపట్ల వదిలి ఇక్కడ స్థిరపడిన నాటి నుంచీ ఆ చర్చిలో క్రిస్మస్ నాటకానికి దేవదూతల రెక్కలు, రాజుల కిరీటాలు, సైనికుల కవచాలు ఆయనే తయారుచేసేవాడు. పోయిన క్రిస్మస్‌కు కమిటీవాళ్ళు డ్రెస్సులు అద్దెకు తెచ్చుకున్నారు. ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. ముందుగా చెప్పడం మాత్రం మరిచిపోయారు. రెక్కలకోసం అట్టను కత్తిరించి చేసిపెట్టుకున్న నమూనాలు అటకెక్కాయి. తన చేతిపని ఇక ఎవరికీ అక్కర్లేదేమోనన్న దిగులు ఆయన బయటపెట్టలేదు. భార్య కాంతమణి కనిపెట్టింది, కానీ అడగలేదు.

2013 వానాకాలం మొదట్లో, డిగ్రీ చదివే మనవరాలు దేవకృప వచ్చింది.

"తాతా, నాకు కాస్‌ప్లే డ్రెస్ చేసిస్తవా?"

"అంటే ఏంటే?" అంది కాంతమణి.

"కథల ఉండే మనిషి లెక్క తయారై ఫోటోలు దిగుడు."

"ఫ్యాన్సీ డ్రెస్సని చెప్పు."

"అమ్మమ్మా! అది చిన్నపిల్లలది. అరటిపండు వేషమేసి స్టేజి మీద ఏడుస్తరు."

కృప బొమ్మల కథలు గీస్తుంది. ఒక కథలో కొండను కాపలా కాసే సగం మనిషి, సగం పక్షి పేరు కంచుపిట్ట. పంపిన ఫోటో నచ్చితే, నగరంలో జరగబోయే కామిక్స్ మేళాలో ఆ వేషంతో నడవనిస్తారు.

దేవానందం అడిగింది ఒక్కటే. "రెక్కలు విప్పి ఉండాలా, ముడుచుకోవాలా?"

ఆ సాయంత్రమే నమూనాలు అటక దిగాయి.

చెప్పులు చేసే రబ్బరు షీటును ఇస్త్రీపెట్టె వేడికి వంచి ఛాతీ కవచం చేశాడు. ముందు నల్లరంగు పూసి, ఆరాక పైన కంచురంగు పలచగా రుద్దాడు. సందుల్లో నలుపు మిగిలి, ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ ఉన్న లోహంలా కనిపించింది. కృప అద్దం ముందు ఒంటికాలి మీద బరువుంచి, ఎగరబోయే పిట్టలా నిలబడటం సాధన చేసేది. చెయ్యి పైకి లేవడం లేదని చూసి ఆయన భుజం ముక్కను మళ్ళీ కోసి సరిచేశాడు.

ఫోటోలు తీసేది బ్రహ్మచారి అనే ఆయన. మోండా మార్కెట్ దగ్గర స్టూడియో ఉంది, దేవానందానికి పాత స్నేహితుడు. ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు. ఒక ఆదివారం మధ్యాహ్నం నలుగురూ నేరేడ్‌మెట్ దాటి బండరాళ్ళ దగ్గరికి చేరారు. ముఖానికి రంగు, చర్చి నాటకాల్లో వేసినట్టే, కాంతమణి వేసింది.

"వదినా, పోరి బుగ్గలు టమాటల లెక్క చేసినవేంది?" అన్నాడు బ్రహ్మచారి.

"చివరి బెంచీవాళ్ళకు కనపడొద్దా మరి?"

"చివరి బెంచి యాడున్నది? నేనొక్కన్నే ఉన్న. గీడనే ఉన్న!"

కాంతమణి నవ్వుకుంటూ కొబ్బరినూనె దూదితో తుడిచేసి, కళ్ళకు కాటుక, చెంప ఎముకల మీద కాస్త కంచు పొడి మాత్రం అద్దింది.

బ్రహ్మచారి కొన్ని ఫోటోలు తీసి పెదవి విరిచాడు. "ఆధార్ కార్డు ఫోటో లెక్కుంది. బిడ్డా, అటు తిరుగు. రెక్కలు విప్పి, భుజం మీదికెల్లి నన్ను చూడు."

కృప తిరిగింది. బ్రహ్మచారి కెమెరా దించాడు.

వెనక ఏమీ లేదు. అడ్డదిడ్డంగా తెల్ల నాడాలు, పిన్నీసులు, లోపలి పాత చొక్కా.

"ఏందన్నా గిట్ల?"

"చర్చిలో కూర్చున్న సంఘానికి ఎవరూ వీపు చూపించరు చారీ," అన్నాడు దేవానందం. నాటకంలో దేవదూతలు పక్క తలుపు నుంచి వచ్చి, ముఖం ఇటే పెట్టి నిలబడి, వెనక్కి అడుగులేస్తూ వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క వీపూ కుట్టలేదు. కుట్టాలని తోచనూ లేదు.

"పర్లేదు తాతా, ముందుకెల్లే తీసుకుందాం," అంది కృప మెల్లగా.

ఆ మెత్తదనమే ఆయనకు గట్టిగా తగిలింది. కమిటీవాళ్ళూ ఇలాగే ఏమీ అనలేదు. తల తిప్పుకున్నాడు. ఎదురుగా తన పాత స్కూటర్ ఉంది. దాని సీటుకు ఆయన కుట్టుకున్న రాగిరంగు కవర్, లోపల పలచటి స్పాంజితో ఉబ్బెత్తు డైమండ్ గళ్ళు. బజార్‌లో అందరూ అదే చూపించి తమకూ అలాగే కావాలంటారు. వెనకవైపు వెడల్పు, ముందుకొచ్చేసరికి సన్నం.

డిక్కీలోంచి కత్తెర, వంకీసూది తీసి కవర్‌ను అంచు పొడుగునా కోసేశాడు.

"అయ్యో, బండి ఏం పాపం చేసిందన్నా!"

"వెలుతురు ఉందా?"

"ఉన్నది. మబ్బు వస్తున్నది. మాట్లాడకు, కుట్టు."

సీటు వెడల్పు భుజాలకు, సన్నపు భాగం నడుముకు సరిగ్గా అమరింది. "ఊపిరి బిగబట్టకు, మామూలుగా పీల్చు. లేకపోతే తర్వాత పట్టేస్తుంది," అంటూ నాడాలకే కలిపి కుట్టాడు. కాంతమణి గళ్ళ మిట్టల మీద కంచురంగు వేలితో రాసింది.

కృప ఒంటికాలి మీద బరువుంచి, రెక్కలు విప్పి, భుజం మీదుగా చూసింది. బ్రహ్మచారి వరసగా తీస్తూ పోయాడు. తర్వాత కెమెరా తెచ్చి దేవానందం చేతిలో పెట్టాడు.

తెరమీద, బండరాళ్ళ మధ్య, ప్రతి గడీ ఒక్కో ఈకలా వెలుగు పట్టుకుని ఉంది.

"జెర చూడన్నా. ముందు తీసినయన్నీ దీని ముందు బేకార్."

"తాతా, నేను గీసిన బొమ్మల గూడ వీపు గింత మంచిగ లేదు," అంది కృప. "ఇప్పుడు పోయి మార్చాలె."

దేవానందం సూదిని చొక్కా జేబుకు గుచ్చుకుని బండమీద కూర్చున్నాడు. మోకాళ్ళు నొప్పెడుతున్నాయని అప్పుడే తెలిసింది.

మామూలు బట్టలు వేసుకున్న కృప బ్రహ్మచారి బండెక్కింది. దేవానందం ఉత్త స్పాంజి మీద కూర్చుని స్కూటర్ స్టార్ట్ చేశాడు. రెక్కలు దుకాణంలో దింపాలి. వాటిని ఒళ్ళో పెట్టుకుని కాంతమణి వెనక సర్దుకుంది.

"కవర్ లేకపోతేనే మెత్తగా ఉందండీ," అంది. కాసేపాగి, "చుట్టుదారేనా?" అని అడిగింది.

"వాన వచ్చేలా ఉంది. దగ్గరి దారినే పోదాం."

చర్చి వీధి మలుపు తిరిగాక ఆయన వేగం తగ్గించాడు. సాయంత్రం ఆరాధనకు వస్తున్నవాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

"కాంతం," అన్నాడు, "ఆ రెక్కలు కాస్త పైకెత్తి పట్టుకో."